రిపోర్టు కోసం కాదు, పిల్లల కోసం లెక్క చూసుకో

బిడ్డా,

ఆశీస్సులు. సాయంత్రం పూట పిల్లలకు చదువు చెప్పే సెంటర్ల పనితీరు మీద రిపోర్టు కావాలని నిధులిచ్చే కంపెనీ అడిగిందని, ఆన్‌లైన్‌లో ఏ టూల్ మంచిదో చెప్పమని రాశావు. ముందు టెన్షన్ పడకు. 2021లో మారిన సీఎస్‌ఆర్ (కంపెనీలు సమాజం కోసం చేయాల్సిన ఖర్చు) నిబంధనల ప్రకారం బయటి ఏజెన్సీతో ప్రభావ అధ్యయనం తప్పనిసరిగా చేయించాల్సింది పెద్ద కంపెనీలు, అదీ కోటి రూపాయలు, ఆపైన ఖర్చయ్యే ప్రాజెక్టులకే. నీ ప్రాజెక్టు అంత పెద్దది కాదు. వాళ్లు అడుగుతున్నది నువ్వే చూసుకుని చెప్పగలిగే లెక్క.

టూల్ తెరిచే ముందు కాగితం మీద ఒక్క వాక్యం రాసుకో: మన సెంటర్‌కు వచ్చిన పిల్లకు ఏడాది తిరిగేసరికి ఏం రావాలి? అది తేలకపోతే ఏ టూల్ పట్టుకున్నా చివరికి హాజరు లెక్కలే మిగులుతాయి. ఎన్ని ఊళ్లలో నడిపాం, ఎంతమంది వచ్చారు, ఎన్ని నోటుబుక్కులు పంచాం అన్నది మనం చేసిన పని. పిల్లకు చదువు వచ్చిందా అన్నది వేరే సంగతి.

చదువు చూడటానికి కొత్త పరీక్ష తయారు చేయనక్కర్లేదు. ఊళ్లలో పిల్లలకు చదవడం ఎంత వచ్చో చూడటానికి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వేలో వాడే పరీక్ష తెలుగులోనూ ఉంది. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ, అంతే. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించాలి. జూన్‌లో ఒకసారి, ఫిబ్రవరిలో ఇంకోసారి.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. మీ నారాయణపేట జిల్లాలో మక్తల్, మద్దూరు వైపు ఊళ్లలో తల్లిదండ్రులు బొంబాయికో పుణేకో పనులకు పోతే పిల్లలూ వెంట పోతారు. ఫిబ్రవరిలో నీకు దొరికేది ఊళ్లో మిగిలినవాళ్లే. ఒక సెంటర్లో 40 మంది చేరారనుకో. 15 మంది వలస పోయారు. మిగిలిన 25 మందిలో 20 మంది పేరా చదివారు. రిపోర్టులో 80 శాతం అని రాస్తే అబద్ధం కాదు, కానీ చేరిన 40 మందిలో అది సగమే. రెండు లెక్కలూ పక్కపక్కనే రాయి. పోయిన పిల్లల పేర్లు రిజిస్టర్లోంచి కొట్టేయనివ్వకు. ఎప్పుడు పోయారు, ఎక్కడికి పోయారు, ఎప్పుడు తిరిగొచ్చారు అన్నది రాయించు, వచ్చిన వారంలోపే చదివించి చూడు. నువ్వు ఈ సెంటర్లు పెట్టిందే ఆ 15 మంది కోసం. వాళ్లే లెక్కలో లేకపోతే ఆ రిపోర్టు ఎవరి గురించి?

బడిలో టీచర్ చెప్పిన పాఠం కూడా ఆ ఫలితంలో కలిసే ఉంటుంది. వీలైతే సెంటర్ లేని పక్క ఊళ్లో కొందరు పిల్లలను కూడా అదే రెండుసార్లు చదివించు. తేడా ఎంతో అప్పుడు కొంత తెలుస్తుంది.

ఇక టూల్. ఫారాలు తయారుచేసి వివరాలు సేకరించే కోబో టూల్‌బాక్స్ తీసుకో. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కోబో కలెక్ట్ యాప్ వేసుకుంటే సిగ్నల్ లేని ఊళ్లో కూడా ఫారం నింపొచ్చు, నెట్ వచ్చాక పంపొచ్చు. గూగుల్ ఫారమ్స్‌తో అది కుదరదు. ప్రశ్నలు తెలుగులో పెట్టుకోవచ్చు. వయసు దగ్గర పొరపాటున 80 అని కొడితే ముందుకు పోకుండా ఆపే ఏర్పాటు కూడా ఉంది. ఉచిత ఖాతాకు పరిమితులున్నాయి, నీ అవసరానికి సరిపోతాయో లేదో ముందే చూసుకో. ఫారం మాత్రం చిన్నగా ఉంచు. జవాబు వచ్చాక నువ్వు ఏం మారుస్తావో చెప్పలేని ప్రశ్నను తీసేయి. పిల్లల వివరాలు కాబట్టి తల్లిదండ్రుల అనుమతి తీసుకో, 2023 డేటా రక్షణ చట్టం కూడా అదే చెబుతోంది. పేర్లున్న షీట్ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దని వాలంటీర్లకు గట్టిగా చెప్పు.

జిల్లా గణాంకాలతో పోల్చమని ఎవరైనా అంటే తొందరపడకు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మహబూబ్‌నగర్ అంటే పాత పెద్ద జిల్లా. తర్వాతి సర్వే నాటికి అది ముక్కలైంది. అందులోంచే నారాయణపేట 2019లో ఏర్పడింది, ఆ తర్వాతి సర్వేలో దానికి విడిగా లెక్కే లేదు.

సంస్థ ఎలా నడుస్తోందో చూసుకోవడానికి మెకిన్సే అనే సలహా కంపెనీ వాళ్లు 2001లో తయారుచేసిన ఓక్యాట్ అనే ప్రశ్నావళి ఉంది. నాయకత్వం, డబ్బు నిర్వహణ, సిబ్బంది వంటి విషయాల్లో నాలుగు స్థాయిల్లో మార్కులు వేసుకోవాలి. అంతా కాకుండా మీకు తగిన ప్రశ్నలు ఏరుకో. నువ్వొక్కదానివే నింపకు. సెంటర్లో చదువు చెప్పే అమ్మాయి, లెక్కలు రాసే అతను, కమిటీ సభ్యులు ఎవరికి వారే పేరు లేకుండా నింపాలి. సగటు మార్కు కంటే తేడా ఎక్కడుందో చూడు. సిబ్బంది మాట వింటామని నువ్వు నాలుగు వేసుకుని, సెంటర్ అమ్మాయిలు ఒకటి వేస్తే, వెంటనే కూర్చుని మాట్లాడాల్సింది దాని గురించే. అప్పుడు ఎవరు ఎంత వేశారని వెతకొద్దు.

స్వచ్ఛంద సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఎన్‌జీవో దర్పణ్ పోర్టల్‌లో నమోదు, సంస్థల వివరాలు చూసి ఇచ్చే గైడ్‌స్టార్ ఇండియా సర్టిఫికెట్ ఉంటే మంచిదే. కాగితాలు సరిగా ఉన్నాయని అవి చెబుతాయి, పిల్లలు చదువుతున్నారని కాదు.

రిపోర్టు కంపెనీకి పంపేముందు ఊళ్లో తల్లులను పిలిచి ఆ లెక్కలు చదివి వినిపించు. ఏ సెంటర్ సాయంత్రం సరిగా తెరవడం లేదో వాళ్లకు ముందే తెలుసు. వాళ్లు చెప్పింది కూడా రిపోర్టులో చేర్చు.

ఫారం తయారయ్యాక ఒక్క ఊళ్లో నింపి చూసి నాకు పంపు. జూన్ ఎంతో దూరం లేదు.

మీ పెద్దనాయన,
నల్లగొండ