పటాన్ని గోడ మీంచి దించు

బుజ్జీ,

డీఎస్సీలో పోస్టు వచ్చిందని, అదీ సిటీలోనే అని మీ నాన్న చెప్పాడు. మూడు, నాలుగు, ఐదు తరగతులకి పరిసరాల విజ్ఞానం నీకే ఇచ్చారట. "చదివించేస్తే అయిపోతుంది, దానికేం" అని స్టాఫ్‌లో ఎవరో ఒకరు అంటారు. నవ్వి ఊరుకో. లెక్కలు వెనకబడ్డాయని ఆ పీరియడ్ అడిగితే మాత్రం ఇవ్వకు.

మొదటి రోజే ఉత్తరం ఎటు అని అడుగు. సగం మంది ఫ్యాను వైపు చెయ్యి చూపిస్తారు. పటాన్ని గోడకి తగిలించి "పైన ఉత్తరం" అని చెప్పింది మనమే. దాన్ని దించి నేల మీద పరుచు, ప్రేయర్ టైంలో ఎండ వచ్చే వైపుకి తూర్పు తిప్పు. తర్వాత ఆవరణలో ఒక బకెట్ నీళ్లు ఒలకబోయించి, అవి ఎటు పోతే అటు నడవమను. గేటు పక్క మోరీ దాకా పోతారు. అక్కడి నుంచి పటం మీద వేలితో నడవాలి. మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, మన హైదరాబాద్ దాటి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. "అయితే మన బకెట్ నీళ్లు సముద్రంలోకి పోతాయా టీచర్?" అని ఒకడు అడుగుతాడు. ఎండకి ఆవిరైపోకపోతే పోతాయని చెప్పు.

చరిత్ర దగ్గర ఇబ్బంది సంవత్సరాలతో. 1591లో చార్మినార్ కట్టారంటే ఎనిమిదేళ్ల పిల్లకి ఏం తెలుస్తుంది? వాళ్ల అమ్మ పెళ్లీ, చార్మినారూ అన్నీ "అప్పట్లో"నే. నేను తాడు వాడేదాన్ని. తాడు మీద ఒక్కో జానెడు పదేళ్ల లెక్క. పిల్లల వయసు జానెడు కూడా రాదు. నానమ్మ పుట్టింది ఆరేడు జానల దూరంలో. 1908 మూసీ వరద దాదాపు పన్నెండు జానలు. చార్మినార్‌కి నలభై మూడు జానలు కావాలి, తాడు గది దాటి వరండాలోకి వస్తుంది. ఆ చివర పట్టుకున్నవాడు అక్కడి నుంచి అరుస్తాడు, "టీచర్, నేను కులీ కుతుబ్ షా దగ్గరున్నా!"

ఆ తాడు మీద వరద దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారని చెప్పుకుంటారు. పిల్లలు ఆ చెట్టుని మర్చిపోరు. మళ్లీ అంత వరద రాకూడదనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారనీ, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయనీ అప్పుడు చెబితే వింటారు. ఉస్మాన్ సాగర్ అంటే గండిపేట చెరువే, గండిపేట నీళ్లన్న మాట ఇంట్లో పెద్దవాళ్ల నోట వినే ఉంటారుగా. బోర్డు మీద రెండు గళ్లు గీయి: "రాసి ఉంది", "చెప్పుకుంటారు". కులీ కుతుబ్ షా ప్రేమించాడనే భాగమతి కథ ఏ గడిలో పెట్టాలో వాళ్లనే తేల్చమను. గొడవ పడనీ.

ఇక మతం. సర్కారు బళ్లో మత బోధన కుదరదు, రాజ్యాంగం 28వ అధికరణ అదే చెబుతుంది. మతాల గురించి తెలుసుకోవడం వేరు. ఆ తేడా నేను దెబ్బతిని నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో బతుకమ్మ గురించి చెబుతూ "మన పండుగ" అన్నాను. రెండో వరసలో ఒక పిల్ల పలక మీద పువ్వు గీస్తున్నదల్లా ఆపేసింది. ఏమీ అనలేదు. మర్నాడు నా బల్ల దగ్గరికొచ్చి, "టీచర్, బతుకమ్మకి మా అబ్బా జాంబాగ్ నుంచి పూలు తెచ్చి అమ్ముతాడు" అంది. పూల మార్కెట్ అప్పట్లో అక్కడే ఉండేది. నా తల తిరిగిపోయిందనుకో. క్లాసులో అందరికంటే ఆ పండుగ ధరవరలు తెలిసింది ఆ పిల్లకే!

అప్పటి నుంచి "మన", "వాళ్ల" అన్న మాటలు ఆ పీరియడ్‌లో నోట రానివ్వలేదు. ఎవరింట్లో చేసేది వాళ్లనే చెప్పమనేదాన్ని. ఆషాఢంలో బోనం కుండలో మీ అమ్మ ఏం వండింది? రంజాన్ నెలలో తెల్లారకముందు తినే సహ్రీకి ఎన్నింటికి లేచారు? క్రిస్మస్ స్టార్ ఎవరు కట్టారు? ఎందుకు నమ్ముతారని మాత్రం అడగకు, అది ఇంటివాళ్ల సంగతి. చెప్పడం ఇష్టం లేని పిల్లని వదిలెయ్యి. ఎవరైనా తండ్రి కోపంగా వస్తే టెన్షన్ పడకు, కూర్చోబెట్టి నోటుబుక్ చూపించు. హెడ్మాస్టర్‌కి ముందే ఒక మాట చెప్పి ఉంచు.

దసరా సెలవుల్లో ఒకసారి రా. నా తాడు అటక మీదే ఉంది, ముడులు కూడా ఊడలేదు. చివర నాలుగు జానలు ఎలుక కొట్టింది, ముడేసుకోవాలి.

మీ మేనత్త