పెదవి మీది పొక్కుకు పుట్టింట్లో పంచాయితీనా?

కావలి దగ్గరి పల్లె నుంచి ఒక సోదరి రాశారు: "నాకు 27 ఏళ్లు, పెళ్లై మూడేళ్లు. మా ఆయనది రొయ్యల మేత కంపెనీలో పని. వారానికి రెండు మూడు రాత్రులు గుంటల దగ్గరే ఉండిపోతారు. నెల కిందట నాకు కింద గుత్తిగా నీటిపొక్కులు లేచాయి. ఒంటికి పోతే ప్రాణం పోయేంత మంట, జ్వరం, గజ్జల్లో బిళ్లలు. నెల్లూరులో డాక్టరమ్మ చూసి హెర్పిస్ అని మాత్రలు రాశారు. ఆయనకు చెప్పలేదు. ఒంగోలులో ఉండే అక్కకు చెప్పుకున్నా. 'అట్టాంటి జబ్బు ఊరకే వస్తదా ఏందే, బయట ఎవతో ఉంది' అంది. అమ్మదాకా పోయింది, వచ్చేయమంటున్నారు. అక్క ఏదో ఆయింట్‌మెంటు కూడా పంపింది. నాకు పొక్కులు లేవడానికి వారం ముందే ఆయనకు వేడి చేసి పెదవి మీద పొక్కు వస్తే ఇంట్లోనే ఉన్నారు, ఎప్పటిలాగే దగ్గరగా ఉన్నాం. ఆయనకు నోటితో చేయడం ఇష్టం, నాకూ అభ్యంతరం లేదు. ఆయన తప్పు చేశారో లేదో తేల్చే రక్తపరీక్ష ఉందా? పుట్టింటికి వెళ్లిపోనా?"

అమ్మా, అలాంటి పరీక్ష లేదు. పుట్టింటి ప్రయాణం సంగతి తర్వాత. మీ ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, మీరు చూసుకోకుండా దాటిపోయారు. ఆయన పెదవి మీది పొక్కే అది.

వేడి చేసి వచ్చిందని మనం మజ్జిగ తాగించి వదిలేసే ఆ పొక్కు చాలాసార్లు హెర్పిస్ ఒకటో రకం వైరస్‌దే. ప్రపంచంలో 50 ఏళ్లలోపు వాళ్లలో నూటికి 60 మందికి పైగా ఒంట్లో అది ఉంది. ఎక్కువమందికి చిన్నతనంలోనే, పెద్దవాళ్ల ముద్దుల వల్లనో ఉమ్మి వల్లనో అంటుకుంటుంది. నరాల మొదట్లో దాక్కుని, ఎండ దెబ్బకో జ్వరానికో నిద్ర చాలకో మళ్లీ పెదవి మీదికి వస్తుంది. మీ ఆయన పగలంతా గుంట కట్టల మీద ఎండలో, రాత్రి నిద్ర లేకుండా ఉండే మనిషి. ఆ పొక్కు ఉన్న నోరు జననాంగాలకు తగిలితే వైరస్ అక్కడికి చేరుతుంది. తగిలిన రెండు రోజుల నుంచి పన్నెండు రోజుల్లోపు పొక్కులు లేస్తాయి. మీ వారం లెక్క దీనికి సరిగ్గా సరిపోతోంది. మూడో మనిషి అక్కర్లేకుండానే ఇదంతా జరగొచ్చు.

ఆయన నిప్పులాంటి మనిషని నేను సర్టిఫికెట్ ఇవ్వడం లేదు. నాకు తెలియదు, మీ అక్కకూ తెలియదు. పొక్కు పచ్చిగా ఉన్నప్పుడు, వీలైతే మొదటి రెండు రోజుల్లో, దాని తడిని దూది పుల్లతో (స్వాబ్) తీసి, వైరస్‌ను గుర్తించే పీసీఆర్ పరీక్ష చేస్తే ఒకటో రకమో, ఎక్కువగా కలయిక వల్ల అంటే రెండో రకమో తెలుస్తుంది. ఇప్పుడు ఆ గడువు దాటింది. మళ్లీ ఎప్పుడైనా లేస్తే అదే రోజు వెళ్లండి. వైరస్‌తో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలు రక్తంలో పూర్తిగా కనబడటానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. కనబడినా ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో చెప్పవు. రెండో రకమని తేలినా అది పెళ్లికి ముందే ఆయన ఒంట్లో చేరి ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండి ఉండొచ్చు. ఐజీఎం అనే ఒక రకం యాంటీబాడీ పరీక్ష చేస్తామని ఏ ల్యాబువాళ్లన్నా డబ్బు దండగ, హెర్పిస్‌లో దాన్ని నమ్మలేం.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మీ అక్కతో మీ వ్యవహారం. పడకగదిలో జరిగింది ఒంగోలుకు తెలిసింది, అమ్మకు తెలిసింది, ఆ మంచం మీద పక్కన పడుకున్న మనిషికి మాత్రం తెలియలేదు. అక్క మీద ప్రేమ ఉండాలి, ఆమెకు మీ మీద ఉందనే అనుకుంటాను. అయినా మొగుణ్ణి ఒక్క మాట అడగకుండానే తీర్పు చెప్పించుకోవడం మీ ఆత్మగౌరవానికీ తక్కువే. కొట్టే మనిషో, బలవంతం చేసే మనిషో అయితే ముందు పుట్టింటికే పొమ్మనేదాన్ని. మీరు రాసిన మనిషి అలా లేడు.

ఆమె పంపిన ఆయింట్‌మెంటు ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి పేర్లుంటే అది స్టెరాయిడ్. వైరస్ పుండు మీద రాస్తే పుండు ముదురుతుంది. పారేయండి. డాక్టరమ్మ రాసింది ఎసైక్లోవిర్ అయి ఉంటుంది. మొదటిసారికి మామూలుగా 400 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, ఏడు నుంచి పది రోజులు ఇస్తారు. మంట తగ్గిందని మధ్యలో ఆపి ఉంటే ఆమెకే ఆ మాట చెప్పండి. వైరస్‌ను ఒంట్లోంచి పూర్తిగా తరిమే మందు లేదు. అయితే కింద వచ్చిన ఒకటో రకం, రెండో రకమంత తరచుగా తిరగబెట్టదు.

ఆయన గుంటల నుంచి వచ్చి, తిని, స్థిమితపడ్డాక చెప్పండి. "నాకు ఫలానా జబ్బని డాక్టరమ్మ అన్నారు. మీ పెదవి పొక్కు వల్ల కావచ్చు. ఇద్దరం చూపించుకుందాం." అక్క పేరు ఎత్తొద్దు. "బయట ఎక్కడన్నా ఉందా" అన్నది కూడా అడగండి, మొహమాటం అక్కర్లేదు. రాత్రులు బయట గడిపే మనిషిని అడిగే హక్కు మీకుంది. జవాబు ఏదైనా పరీక్షలు మాత్రం ఇద్దరికీ చేయించాల్సిందే. దర్గామిట్టలోని నెల్లూరు జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, హెచ్‌ఐవీకి సలహా, పరీక్ష రెండూ ఇచ్చే ఐసీటీసీ కేంద్రం ఉంది. హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, ఫలితం గోప్యం. సుఖవ్యాధులకు అక్కడే సురక్ష క్లినిక్ ఉంటుంది. సిఫిలిస్ అనే సుఖవ్యాధి, కాలేయానికి వచ్చే హెపటైటిస్ బీ కూడా చూడమనండి. ఒంగోలు జీజీహెచ్‌లోనూ చేస్తారు గానీ అది అక్క ఊరు, వద్దులెండి. ముందు ఎవరితోనైనా మాట్లాడాలంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, డబ్బు పడదు. బయటి సంబంధం ఉందని ఆయన ఒప్పుకుంటే చివరిసారి నుంచి మూడు నెలలు నిండాక మళ్లీ పరీక్ష చేయించాలి, గొంతు స్వాబ్ కూడా అడగాలి. గనేరియా అనే సుఖవ్యాధి గొంతులో చాలామందిలో ఏ నొప్పీ లేకుండా ఉంటుంది, పైగా కిందిదానికన్నా మొండిది. సిఫిలిస్ పుండు నోట్లో వచ్చినా నొప్పి ఉండదు కాబట్టి చూసుకోరు. నోటి ద్వారా హెచ్‌ఐవీ రావడం చాలా అరుదు, అయితే చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నా, గుట్కాతో నోరు పూసినా ఆ కాస్త ముప్పూ పెరుగుతుంది.

ఇకమీదటి సంగతి. పెదవి చిమచిమలాడటం మొదలైన నిమిషం నుంచి పక్కు రాలి కొత్త చర్మం వచ్చేదాకా ముద్దూ వద్దు, కింద నోరూ వద్దు. పొక్కు ముట్టిన చేతిని కడగకుండా కంట్లో పెట్టొద్దు. పొక్కు లేని రోజుల్లోనూ వైరస్ అప్పుడప్పుడు బయటికి వస్తుంటుంది కాబట్టి అడ్డు ఉంటే మేలు. ఆడవాళ్లకు వాడే పల్చటి రబ్బరు షీట్లు మన మెడికల్ షాపుల్లో దొరకడం కష్టం. కండోముతోనే చేసుకోవచ్చు. తేదీ దాటని కండోమును పూర్తిగా విప్పి, చివరి మొన, మొదటి రింగు రెండూ కత్తెరతో తీసేసి, పొడవునా ఒక పక్క చీల్చితే చదరంగా పరుచుకుంటుంది. ఒంటికి తగిలే వైపు నీటితో చేసిన జెల్లు రెండు చుక్కలు రాసి, అంచులు చేత్తో పట్టుకోవాలి. మధ్యలో తిరగేయకూడదు, ఒకసారి వాడాక పారేయాలి. కొబ్బరినూనె, వాసెలిన్ తగిలితే రబ్బరు బలహీనపడి చిరుగుతుంది. మీరు ఆయనకు చేసేటప్పుడు మామూలు కండోము చాలు. పళ్ల రుచి కండోములు నోటికి పర్లేదు గానీ, వాటితోనే కలిస్తే యోనిలో దురద, ఇన్‌ఫెక్షన్ రావచ్చు, కాబట్టి కొత్తది మార్చాలి. ముందు పళ్లు తోమితే చిగుళ్లు గీసుకుంటాయి, గంటో రెండు గంటలో ఆగండి. ఉప్పునీళ్లు పుక్కిలించడం, మౌత్‌వాష్ దేన్నీ ఆపవు.

మూడేళ్లయింది కాబట్టి బిడ్డ గురించి కూడా ఆలోచిస్తూ ఉంటారు. ఈ జబ్బు వల్ల పిల్లలు పుట్టకుండా పోరు. కడుపు నిలిస్తే మొదటి చెకప్‌లోనే హెర్పిస్ వచ్చిందని డాక్టరుకు చెప్పి కార్డులో రాయించండి. తొలిసారి చివరి నెలల్లో వస్తేనే బిడ్డకు ఎక్కువ ప్రమాదం. మీకు ముందే వచ్చింది కాబట్టి ఆ భయం బాగా తగ్గుతుంది. కాన్పు సమయానికి పొక్కులు ఉంటే మాత్రం ఆపరేషన్ చేస్తారు.

అక్క మళ్లీ ఫోన్ చేస్తే "చూపించుకున్నాం, తగ్గింది" అని చెప్పి మాట మార్చండి.