టైమ్‌ల్యాప్స్‌లో వెలుగు మినుకులు

ప్రశ్న: మాన్యువల్ మోడ్‌లో అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/11 దగ్గర పెట్టి 300 ఫొటోలు తీసి వీడియోగా కూర్చాను. ఎక్స్‌పోజర్ మార్చలేదు. అయినా వెలుగు మినుకుమినుకుమంటోంది. ఎడిటింగ్‌లో పోతుందా?

జవాబు: పోతుందండి. తేడా మీ సెట్టింగుల్లో లేదు, లెన్స్‌లో ఆ రంధ్రాన్ని చిన్నదిగా, పెద్దదిగా చేసే బ్లేడ్లలో ఉంది. ప్రతి ఫొటోకూ అవి మూసుకుని మళ్లీ తెరుచుకుంటాయి, కానీ ప్రతిసారీ సరిగ్గా అదే చోట ఆగవు. ఆ వెంట్రుకవాసి తేడాయే సెకనుకు 25 ఫ్రేముల వేగంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఎల్‌ఆర్‌టైమ్‌ల్యాప్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో మినుకులు తీసేసే విజువల్ డీఫ్లికర్ వాడండి. రంగుల దిద్దుబాటు ముందే పూర్తిచేయాలి. వెలుగు కొలిచే చోటుగా కదలిక లేని గోడనో, మబ్బుల్లేని ఆకాశాన్నో గీసి చూపండి. మనుషులు నడిచే చోటు ఎంచుకుంటే వాళ్ల తెల్లచొక్కాలకే ఫ్రేము మొత్తం నల్లబడుతుంది, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. వెలుగు హెచ్చుతగ్గులు చూపే గ్రాఫు గీత నున్నబడేదాకా స్మూతింగ్ కొద్దికొద్దిగా పెంచండి. మరీ పెంచితే మబ్బునీడ వచ్చిపోయే సహజమైన మార్పు కూడా చెరిగిపోతుంది.

ఈసారి అపర్చర్ పూర్తిగా తెరిచి తీయండి. బ్లేడ్లు కదలవు.