గజ్జల్లో గోమారి కరిస్తే...

ప్రశ్న: మాకు పాడి గేదెలున్నాయి. మొన్న గడ్డి కోసుకొచ్చి స్నానం చేస్తుంటే గజ్జల్లో, మర్మాంగానికి బాగా దగ్గరగా గోమారి పట్టుకుని కనిపించింది. అత్తయ్య కిరసనాయిలు పూయమన్నారు. నేను కంగారులో గోటితో లాగేశాను. నల్లగా ఏదో లోపలే ఉండిపోయింది. చుట్టూ ఎర్రబడి ఒకటే దురద. మా ఊళ్లో మగ డాక్టరే ఉన్నారు, చూపించుకోవాలంటే సిగ్గు. ఇంట్లోనే ఏమైనా చేసుకోవచ్చా?
- ఒక సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: కిరసనాయిలు పూయకపోవడమే మంచిదైందమ్మా. కిరసనాయిలు, సున్నం, కాల్చిన అగ్గిపుల్ల లాంటివి తగిలితే గోమారి తన లాలాజలాన్ని మన ఒంట్లోకి ఇంకాస్త వదిలే ప్రమాదముంది. పైగా గజ్జల్లో చర్మం పలచన, ఇట్టే పుండు పడుతుంది.

లోపల మిగిలింది దాని నోటి భాగం. సూదితో, పిన్నీసుతో కెలకొద్దు. మామూలుగా కొద్ది రోజుల్లో చర్మమే దాన్ని బయటికి నెట్టేస్తుంది. రోజూ సబ్బు, నీళ్లతో కడిగి మెత్తని గుడ్డతో అద్దుకోండి. స్పిరిట్ అక్కడ వద్దు. దురదకు చల్లటి తడిగుడ్డ, రాత్రికి ఒక సెట్రిజిన్ మాత్ర చాలు. చిన్న గడ్డలా కొన్ని వారాలు ఉండిపోయినా టెన్షన్ పడకండి. చీము పట్టినా, ఎరుపు పాకుతున్నా మాత్రం ఆలస్యం చేయొద్దు. టీటీ ఇంజెక్షన్ వేయించుకుని ఏళ్లయితే అదీ అడగండి.

మెడికల్ షాపులో గజ్జల్లో దురద అంటే తామర ట్యూబు ఇచ్చేస్తారు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అక్కడి చర్మం దాన్ని తొందరగా పీల్చుకుని పలచబడి, చారలు పడుతుంది. ఆ చారలు పూర్తిగా పోవు. ఆడపిల్లల ఒంటి మీద అవి చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. దయచేసి వాడకండి.

ఇంకోసారి పట్టుకుంటే కనుబొమల ప్లక్కరుతో చర్మానికి ఆనించి పట్టి, మెలి తిప్పకుండా నిదానంగా నిటారుగా లాగండి. లోపలి మెత్తని పొర మీదో, కనురెప్ప మీదో ఉంటే ఆ పని డాక్టరుకే వదిలేయండి.

ఇక అసలు సంగతి. వచ్చే మూడు నాలుగు వారాల్లో జ్వరం, తలనొప్పి, ఒంటి మీద దద్దుర్లు వస్తే సిగ్గు పక్కన పెట్టి వెళ్లండి. గోమార్ల వల్ల టైఫస్ జ్వరం రావచ్చు. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు పిల్లలు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. ఆ పురుగులు కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. అది గజ్జల్లో, చంకల్లో, రొమ్ముల కింద ఎక్కువ. నొప్పి ఉండదు కాబట్టి మనకు తెలియదు, బట్టల చాటున ఉంటుంది కాబట్టి డాక్టరుకు కనపడదు. ప్లేట్‌లెట్లు తగ్గితే డెంగ్యూ అనుకుంటూ విలువైన రోజులు పోతాయి. వేళకు గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో చాలామందికి రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది.

మగ డాక్టరైతే నర్సమ్మను పక్కన ఉండమని అడగండి, అది మీ హక్కు. కడుపుతో ఉంటే ముందే చెప్పండి, మందు మారుస్తారు.