పరుపు కొనే ముందు జిప్పు తీసి చూడు

తార్నాక, హైదరాబాద్

చిరంజీవి అమ్మలుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మణికొండ ఇంట్లో సామాను సర్దడం అయిపోయిందని, ఇక పడకగదికి పరుపు ఒక్కటే మిగిలిందని మీ అమ్మ చెప్పింది. ఫోము వద్దు, పత్తి, ఉన్ని, కొబ్బరి పీచు, రబ్బరు పాలు వంటి వాటితో చేసిందే కావాలని నువ్వు పట్టుబట్టావట. లక్ష దాటినా ఫరవాలేదని అల్లుడుగారు అన్నారట. చాలా సంతోషం.

నిన్న ఫోనులో "ఏది కొనమంటావు పెద్దమ్మా" అని అడిగావు. రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఇలాంటి ఖరీదైన పరుపు నేను రెండుసార్లు కొన్నాను. మొదటిసారి మోసపోయాను. రెండోసారి కొన్నదాని మీద ఆరేళ్లుగా హాయిగా నిద్రపోతున్నాను.

మోసపోయిన సంగతి ముందు చెబుతాను. మీ పెదనాన్న రిటైరై డబ్బు చేతికి రాగానే, నగరంలో ఒక పెద్ద దుకాణంలో 'సహజ లేటెక్స్ పరుపు', అంటే రబ్బరు చెట్టు పాలతో చేసింది అన్నదాన్ని 82,000 రూపాయలు పెట్టి తీసుకున్నాం. పైన మెత్తని గుడ్డ, నాలుగు పక్కలా బంగారు రంగు దారంతో కుట్టు. రెండో ఏడు దాటకుండానే మీ పెదనాన్న పడుకునే వైపు నడుము కింద గుంట పడింది. పొద్దున లేచాక మంచం అంచు పట్టుకుని పది నిమిషాలు కూర్చుంటే గాని ఆయన నిలబడలేకపోయేవారు. ఒకరోజు కోపం పట్టలేక కత్తెర తెచ్చి పక్క కుట్టు జానెడు విప్పాను. పైన బొటనవేలి మందాన మీగడ రంగు లేటెక్స్ పొర ఒకటి ఉంది. దాని కింద అరడుగు మందాన మామూలు ఫోము, గోటితో గిల్లితే పొడిపొడిగా రాలుతోంది. దుకాణానికి వెళ్లి అడిగితే, "లేటెక్స్ ఉందన్నాం, ఉంది కదమ్మా" అన్నారు. బిల్లు తీసి చూస్తే పరుపు పేరు, కొలత, ధర తప్ప అందులో ఏమీ లేదు. ఇక ఏమని వాదించను?

అందుకే నా మొదటి మాట: పై గలేబుకు జిప్పు ఉన్న పరుపే చూడు. దుకాణంలోనే జిప్పు తీయించి లోపల చెయ్యి పెట్టు. తీయడానికి వీల్లేదంటే అక్కడి నుంచి వచ్చేయి. లేటెక్స్ అయితే మీగడ రంగులో, వరుసగా సన్నని రంధ్రాలతో కనిపిస్తుంది. ఆ రంధ్రాలు గాలి ఆడడానికని అమ్మేవాళ్లు చెబుతారు. గాలి ఆడే మాట నిజమే గాని, అవి పుట్టింది అచ్చులో. అచ్చుకు ఉన్న సన్నని కడ్డీలు లేటెక్స్ మధ్యదాకా వేడిని తీసుకెళ్లి అంతటా సమానంగా ఉడికిస్తాయి. వాటి గుర్తులే ఆ రంధ్రాలు. రంధ్రాలు ఉన్నంత మాత్రాన చెట్టు పాలతో చేసిందని నమ్మకు. పెట్రోలియం నుంచి చేసే కృత్రిమ లేటెక్స్‌కూ అవి ఉంటాయి. కంటితో చూసి ఆ తేడా చెప్పడం నాకే కాదు, అమ్మేవాడికీ కష్టం. అందువల్ల ఏ పొర ఎన్ని అంగుళాలు, దేనితో చేసింది, సాంద్రత ఎంత అన్నది బిల్లు మీద పొరల వారీగా రాయించుకో.

బరువు కూడా అడుగు. 6 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు, 8 అంగుళాల మందం ఉన్న పరుపు మొత్తం లేటెక్స్ అయితే, ఘనపు మీటరుకు 80 కిలోల సాంద్రత చొప్పున లెక్క వేసుకో, దాదాపు 60 కిలోలు తూగాలి. అందులో సగం బరువుకే తెచ్చి పడేశారంటే లోపల మరేదో ఉంది.

సర్టిఫికెట్ల గురించి అడిగావు. గోల్స్ (GOLS) అన్నది సేంద్రియ లేటెక్స్‌కు ఇచ్చేది. అందులో కనీసం 95 శాతం సేంద్రియ ముడిసరుకు ఉండాలి. గాట్స్ (GOTS) అన్నది సేంద్రియ పత్తి, ఉన్ని వంటి నారలకు. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 ముద్ర హానికరమైన రసాయనాలు హద్దు మీరలేదని మాత్రమే చెబుతుంది, కృత్రిమ ఫోముకైనా అది దొరుకుతుంది. చాలా దుకాణాల్లో ఈ మూడో ముద్రను చూపించి 'ప్రకృతిసిద్ధం' అంటారు, జాగ్రత్త. సర్టిఫికెట్ మీద ఉన్న కంపెనీ పేరూ, నువ్వు కొనే కంపెనీ పేరూ ఒకటేనా అని చూసుకో.

మీ అమ్మా నేనూ చిక్కడపల్లిలో పెరిగిన రోజుల్లో ఈ బాధ లేదు. పరుపులోకి పోయేదంతా కళ్లముందే పోయేది. వేసవి సెలవుల్లో దూదేకే ఆయన పొడవాటి విల్లు భుజాన వేసుకుని వచ్చేవారు. డాబా మీద పాత పరుపులు విప్పి, గడ్డలు కట్టిన దూదిని ఆ వింటి తీగ కింద పెట్టి చెక్క గూటంతో కొట్టేవారు. తీగ మోగినప్పుడల్లా పింజలు ఎగిరి ఆయన కనుబొమల మీద వాలేవి. సాయంత్రానికి అదే దూది పొంగి గుట్టగా లేచేది. మీ తాతయ్య పక్కనే కుర్చీ వేసుకుని తూకం చూసి మరీ నింపించేవారు. తరవాత పెద్ద దబ్బనంతో పైనుంచి కిందికి దారం గుచ్చి, దూది జరిగిపోకుండా అడుగుకో ముడి వేసేవారు. ఇప్పుడు చాలా ఖరీదైన పరుపుల మీద బొత్తాల్లా కనిపించే గుచ్చులు చేసేది ఆ పనే. పొరలను జిగురుతో అంటించి, పై గుడ్డ మీద మాత్రం పూలూ తీగలూ కుట్టిన పరుపు కంటే ఇలా గుచ్చు వేసినది నాకు ఎక్కువ నమ్మకం.

ఇక దేనితో చేసింది కొనాలి అన్నది. స్వీడన్‌లో 1852లో జీనులు కుట్టే పనితో మొదలైన హేస్టెన్స్ వంటి కంపెనీలు పరుపుల్లో గుర్రపు వెంట్రుకలు వాడతాయి. వెంట్రుకలను తాడులా పేని, ఆవిరి పట్టి, మళ్లీ విప్పుతారు. అప్పుడు ప్రతి వెంట్రుకా సన్నని స్ప్రింగులా మెలిక తిరిగి ఉంటుంది, నొక్కితే లేస్తుంది, గాలి ఆడుతుంది. అద్భుతమైన పనితనం. కానీ మన ఇంటికి అంత అవసరం లేదని నా అభిప్రాయం. ఒట్టి పత్తి మెత్తగా ఉంటుంది, కానీ అణిగిపోతుంది, మళ్లీ ఏకించాలి. పైగా మే నెలలో కూలర్ పెట్టుకునే ఇళ్లలో ఆ తేమంతా పత్తి పీల్చుకుని తెల్లవారేసరికి చల్లగా, చెమ్మగా తగులుతుంది. కొబ్బరి పీచు గట్టిది, గాలి బాగా ఆడుతుంది, అడుగు పొరకు మేలు. బూరుగు దూది దిండ్లకే బాగుంటుంది. ఉన్ని అంటే హైదరాబాద్ వేడికి భయపడతారు గాని, పల్చని పొరగా ఉంటే అది చేసే ఉపకారం అంతా ఇంతా కాదు. తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పీల్చుకున్నా తడి తెలియనివ్వదు. మా పరుపులో అడుగున 2 అంగుళాల కొబ్బరి పీచు, మధ్యన 5 అంగుళాల లేటెక్స్, పైన పత్తి, ఉన్ని కలిపి ఒక అంగుళం. నువ్వూ ఇంచుమించు ఇలాంటిదే చూడు. మీ ఇద్దరిలో ఎవరికైనా రబ్బరు పడకపోతే మాత్రం డాక్టరును అడగకుండా లేటెక్స్ జోలికి వెళ్లకు.

దుకాణానికి ఇద్దరూ కలిసి వెళ్లండి. ఆదివారం జనంలో వద్దు, మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లండి. చెప్పులు విప్పి, ఇంట్లో ఎలా పడుకుంటారో అలాగే, ఇంట్లో వాడే దిండే తీసుకెళ్లి, కనీసం పావుగంట పడుకోండి. మొహమాటపడకండి. వెల్లకిలా పడుకుని నడుము కింద చెయ్యి దూర్చి చూడు. చెయ్యి వదులుగా ఇటు నుంచి అటు పోయిందంటే నీకది మరీ గట్టి. పిరుదులు లోతుకు దిగి చెయ్యి దూరనే దూరకపోతే మరీ మెత్తన. నువ్వు పక్కకు తిరిగి పడుకుంటావు కాబట్టి భుజం లోపలికి దిగుతోందా లేదా అన్నది నీకు ముఖ్యం. అల్లుడుగారి బరువు వేరు, నీ బరువు వేరు. అవసరమైతే ఒకే గలేబులో రెండు వైపులా రెండు రకాల గట్టిదనం పెట్టి ఇచ్చేవాళ్లున్నారు, అడగండి.

మీ అత్తగారు నడుముకు చెక్కలాంటి గట్టి పరుపే మంచిదని చెప్పవచ్చు. మా తరం వాళ్లమంతా అలాగే విన్నాం. 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో స్పెయిన్ వైద్యుల పరిశోధన ఒకటి వచ్చింది. చాలాకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందికి కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యస్థంగా గట్టిగా ఉన్నది ఇచ్చి 90 రోజులు చూశారు. మధ్యస్థమైన దాని మీద పడుకున్నవాళ్లకే ఎక్కువ ఉపశమనం కనిపించింది. ఆమెతో వాదన పెట్టుకోకు, నెమ్మదిగా చెప్పు.

మంచం గురించి ఎవరూ మాట్లాడరు, నాకు అదే అన్నిటికంటే బెంగ. కింద సామాను పెట్టుకునే పెట్టె మంచం చేయించారట కదా. పైన ప్లైవుడ్ చెక్క, దాని మీద సన్‌మైకా. రాత్రంతా ఒంటి నుంచి దిగే ఆవిరి పరుపు గుండా కిందికి వచ్చి ఆ చెక్క దగ్గర ఆగిపోతుంది. ఆగస్టులో ఒకసారి పరుపు ఎత్తి చూస్తే అడుగున నల్లని బూజు చుక్కలు కనిపిస్తాయి. కొత్త ఇంటి గోడలు మొదటి వానాకాలంలో ఇంకా చెమ్మగా ఉంటాయి. వడ్రంగిని పిలిపించి ఆ చెక్కకు అరడుగుకొకటి చొప్పున అంగుళం రంధ్రాలు వేయించు. పట్టీల మంచం అయితే పట్టీల మధ్య సందు 3 అంగుళాలు మించకూడదు, మించితే లేటెక్స్ ఆ సందుల్లోకి దిగుతుంది.

పరుపు ఇంటికొచ్చిన రోజు ఎలా ఉంటుందో చెబుతాను, ముందే తెలిస్తే కంగారు పడవు. గలేబు విప్పగానే తియ్యగా, కొత్త రబ్బరు చెప్పుల దుకాణంలాంటి వాసన వస్తుంది. కిటికీలు తీసి ఉంచితే కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది. మాకు మూడు వారాలు పట్టింది. ఘాటుగా, కళ్లు మండేలా ఉందంటే మాత్రం అది వేరే సంగతి, వెంటనే దుకాణానికి ఫోను చెయ్యి. మొదటి వాన పడిన రాత్రి ఉన్ని కూడా కాస్త వాసన వేస్తుంది, తెల్లవారి ఎండ రాగానే పోతుంది.

మొదటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాత ఫోము ఒంటిని లోపలికి లాక్కునేది. ఇది కింద నుంచి ఎవరో అరచేతులతో పైకి పట్టుకున్నట్టు నెట్టింది. మూడో రోజు భుజాలు లాగాయి. మీ పెదనాన్న "మళ్లీ మోసపోయామా" అన్నారు. పదకొండో రోజో పన్నెండో రోజో, తెల్లవారుజామున ఆయన మంచం అంచు పట్టుకోకుండా లేచి వెళ్లి పాలపాకెట్లు తెచ్చారు. నేను పడుకునే చూశాను. ఏమీ అనలేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. అందుకే చెబుతున్నాను, కనీసం నెల రోజులు చూడందే మంచీ చెడూ తేల్చకు. ఇంట్లో వాడి చూసి నచ్చకపోతే తిరిగిచ్చే వీలు ఎన్ని రోజులుందో కొనేటప్పుడే కాగితం మీద తీసుకో.

రెండో నెలకు మీరు పడుకునే చోట్ల కాస్త పల్లంగా, మధ్యలో గట్టులా కనిపిస్తుంది. పైనున్న పత్తీ ఉన్నీ ఒంటికి తగ్గట్టు అణగడం అది, పరుపు పాడైనట్టు కాదు. మొదటి రెండు నెలలు వారానికోసారి తల వైపు కాళ్ల వైపుకు వచ్చేలా తిప్పండి, తరవాత మూడు నెలలకోసారి చాలు. అనుమానం వస్తే అడ్డంగా ఒక దారం బిగించి పట్టుకుని, స్కేలుతో లోతు కొలిచి ఫొటో తీసి పెట్టుకో. ఎంత లోతు గుంట పడితే వారంటీ వర్తిస్తుందో ఆ కాగితంలో అంకె ఉంటుంది, కొనేముందే చదువు.

మరొక్కటి. మనకు పరుపు అంటే ఎండలో వేయడం అలవాటు. పత్తి పరుపుకు ఎండ ప్రాణం. లేటెక్స్‌కు మాత్రం అది శత్రువు. నేరుగా ఎండ తగిలితే పసుపు పచ్చగా మారి, పెళుసై రాలిపోతుంది. మీ అమ్మ వచ్చినప్పుడు ప్రేమకొద్దీ డాబా మీదికి ఎక్కించబోతుంది, ముందే చెప్పు. పై గలేబు ఒక్కటే విప్పి ఎండలో వెయ్యి. పరుపును నెలకొకసారి పగలంతా దుప్పటి లేకుండా, ఫ్యాను కింద వదిలెయ్యి. ప్లాస్టిక్ కవరు వేసి మాత్రం ఉంచకు.

ఆర్డరు ఇచ్చే ముందు మంచం లోపలి కొలత మూడు చోట్ల తీసుకో, వడ్రంగి చేసిన మంచం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. శనివారం సాయంత్రం ఇద్దరూ భోజనానికి రండి, రాత్రికి ఇక్కడే ఉండి మా గదిలో పడుకోండి. మేము హాల్లో పడుకుంటాం. పరుపు జిప్పు తలాపున ఎడమవైపు, దుప్పటి కింద ఉంటుంది. తీసి చూసుకో.

ప్రేమతో,
మీ పెద్దమ్మ