ఆయన ఎమ్మెల్యే అవుతానంటున్నారు, నేను బంగారం ఇవ్వాలా?

ఆదోని నుంచి ఒకావిడ రాసిన ప్రశ్న ఇది. "మా ఆయనకు 43 ఏళ్లు. ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. 2029లో ఎమ్మెల్యేగా నిలబడతానని, పార్టీ టికెట్ రాకపోతే ఇండిపెండెంటుగానైనా సరే అని పట్టుబట్టారు. ఊరి పక్కన 4 ఎకరాలు అమ్మి, నా 35 తులాల బంగారం కుదువ పెట్టి, ఇంకో 20 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తారట. గెలిస్తే ఐదేళ్లలో అంతా తిరిగొస్తుందంటున్నారు. పాప ఇంటర్ చదువుతోంది. షాపుకు రైతుల నుంచి 17 లక్షలు రావాలి. నన్నేం చేయమంటారు?"

అమ్మా, ముందు ఆ "తిరిగొస్తుంది" అన్న మాట సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే నిలబడి ఉంది. 2016లో పెంచిన లెక్క ప్రకారం మన ఎమ్మెల్యేకి జీతం, అలవెన్సులు కలిపి నెలకు లక్షా పాతిక వేలు, అందులో జీతం 12 వేలే, మిగతాది నియోజకవర్గం అలవెన్సు, అంటే పెళ్లిళ్లకీ చావులకీ ఆస్పత్రి సాయానికీ జీపు డీజిలుకీ పోయేది. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు. మీ 20 లక్షల అప్పుకి వడ్డీయే నెలకు 40 వేలు, ఐదేళ్లకు 24 లక్షలు, అసలు అసలుగానే ఉంటుంది. ఇది గెలిస్తే లెక్క. ఓడితే ఆ 40 వేలు షాపు నుంచి రావాలి, మాజీ ఎమ్మెల్యే పెన్షన్ కూడా ఉండదు. జీతం కాకుండా వేరే దారిలో తిరిగొస్తుందని ఆయన మనసులో ఉంటే మాత్రం దానికి నా దగ్గర ప్లాను లేదు. ఓట్లు కొనే ఖర్చుకూ లేదు, అది నేరం.

ఖర్చు సంగతి. అసెంబ్లీ అభ్యర్థి చట్టప్రకారం పెట్టగలిగేది మన రాష్ట్రంలో 40 లక్షలు. డిపాజిట్ 10 వేలు, ఎస్సీ ఎస్టీలకు 5 వేలు, పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే అదీ పోతుంది. ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు ఇవ్వాలి, ఇవ్వకపోతే మూడేళ్ల దాకా పోటీ చేయకుండా అనర్హత వేటు పడొచ్చు. ఇవన్నీ చిన్న విషయాలే.

పెద్ద విషయం మీ ప్రశ్నలో చివరన ఉంది, ఆ 17 లక్షలు. అనంతపురం జిల్లాలో ఎరువుల షాపు ఉన్న ఒకాయన ఇండిపెండెంటుగా నిలబడి ఓడి, తర్వాత నా దగ్గరకు వచ్చారు. ఎర్ర అట్ట ఖాతా పుస్తకం తెచ్చి టేబుల్ మీద పెట్టారు, మూలలు నలిగిపోయి, ఒక్కో పేజీకి ఒక్కో ఊరు. ఎన్నికలకు ఏడాది ముందు నుంచి ఆ పేజీల్లో జమ అన్నదే లేదు. బాకీ ఉన్నవాడే ఓటరు, ఎట్లా అడుగుతారు? పైగా అడక్కుండానే కొత్త అప్పు ఇచ్చారు, కాదంటే ఊరంతా మొహం తిప్పుకుంటుందని. ఓడాక వెళ్లి అడిగితే "ఏమన్నా, నీకే ఏసినాము కదన్నా" అన్నారట ప్రతి ఊళ్లోనూ. అందరూ వేసి ఉంటే డిపాజిట్ ఎందుకు పోయిందో ఆయనకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఎన్నికల ఖర్చు కన్నా ఆ పుస్తకమే ఆయన్ని ముంచింది.

మీ ఆయన మీకు ఇప్పటికే చెప్పి ఉంటారు, 1952లో అనంతపురంలో తరిమెల నాగిరెడ్డి చేతిలో నీలం సంజీవరెడ్డి అంతటివారే ఓడిపోయారు, తర్వాత ముఖ్యమంత్రి, రాష్ట్రపతి అయ్యారు అని. నిజమే. కానీ సంజీవరెడ్డి వెనక కాంగ్రెస్ ఉంది, మీ ఆయన వెనక ఉన్నది మీరూ పాపా.

పోటీ చేయొద్దని నేను చెప్పను, చెప్పినా వినరు. ఒక మొత్తం అనుకోండి, పోయినా పాప చదువు ఆగకూడదు, అంతే కొలత. నా లెక్కలో అది ఆ 4 ఎకరాల్లో రెండు. అమ్మేముందు మున్సిపాలిటీ హద్దు నుంచి దూరం కొలిపించండి, ఆదోని జనాభా లక్ష దాటింది కాబట్టి హద్దుకు 6 కిలోమీటర్ల లోపు ఉంటే వ్యవసాయ భూమైనా లాభం మీద పన్ను పడుతుంది. బంగారం మీది, దాన్ని కదపొద్దు. నోటు మీద జామీను సంతకం అసలే వద్దు, ఇందులో మొహమాటం పెట్టుకోకండి, ఆయన అప్పు మీ అప్పయ్యేది ఆ సంతకంతోనే. అప్పు తెచ్చేలోపే ఆయన పేరున ఒక టర్మ్ పాలసీ, అంటే ఆయనకేమన్నా అయితే మీకు డబ్బు వచ్చే జీవిత బీమా, వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీయించండి, ఆ డబ్బు మీద అప్పులవాళ్లకు హక్కు ఉండదు. పాత పాలసీకి ఇది తర్వాత తగిలించడం కుదరదు, కొత్తది తీసేటప్పుడే ఫారంలో రాయాలి.

ఇంకోటి. నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో మీ నగలు, పుట్టింటివాళ్లు ఇచ్చిందీ, మీ అప్పులూ అన్నీ రాయాలి, ఐదేళ్ల ఐటీ రిటర్నుల ఆదాయం కూడా. అది ఊరంతా చూస్తుంది. షాపుకు ఇన్నాళ్లూ రిటర్నులు సరిగా వేయకపోతే ఈ ఏడాదే మొదలుపెట్టమనండి.

అన్నట్టు, చట్టసభల్లో మూడో వంతు సీట్లు మహిళలకు ఇచ్చే సవరణ 2023లోనే వచ్చింది, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాక అమల్లోకి రావాలి. ఆదోని అందులో పడితే నామినేషన్ మీరే వేయాల్సి రావచ్చు, జామీను సంతకం ఆయన పెట్టాలి. ఈ ముక్క ఆయనకు భోజనం అయ్యాక చెప్పండి.

ఇప్పటికి ఒక్క పని. పత్తి మార్కెట్ యార్డుకు వచ్చే రోజుల్లో ఆ 17 లక్షల్లో ఎంత వసూలైందో ఒక పుస్తకంలో రాసిపెట్టండి. సగం కూడా రాకపోతే ఆ పుస్తకం ఆయన ముందు పెట్టి, తర్వాత నాకు మళ్లీ రాయండి.