ఆర్సీలో నంబరున్న ఇంజన్‌ను విడిగా అమ్మొచ్చా?

ప్రశ్న: మా నాయనకు 1968 మోడల్ మహీంద్రా పెట్రోలు జీపు ఉండేది. పెట్రోలు ఖర్చు భరించలేక ఆ ఇంజన్ దింపి, పాత డీజిల్ ఇంజన్ ఎక్కించాడు. ఆర్సీలో మార్పించలేదు. ఆయన పోయాక, షెడ్డులో పడి ఉన్న పెట్రోలు ఇంజన్‌కు నేను బోరింగ్ (అరిగిన సిలిండర్లను లోపల చెక్కించడం) చేయించి, పిస్టన్లు, రింగులు కొత్తవి వేయించాను. జడ్చర్ల ఆయన ఒకరు డెబ్బై వేలకు అడుగుతున్నారు. తెల్లకాగితం మీద రాసిస్తే చాలా? రేపు ఇంజన్ పాడైతే నా మీదికి వస్తాడా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: అమ్మడం తప్పేమీ కాదు. వస్తువుల అమ్మకపు చట్టం, 1930 ప్రకారం నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది. చిక్కంతా ఆ ఇంజన్ మీద కొట్టి ఉన్న నంబరుతోనే.

జడ్చర్ల ఆయన దాన్ని తన బండికి ఎక్కించి తనిఖీలో దొరికితే, రికార్డు మీ జీపును చూపిస్తుంది. ఇటు మీ జీపులో ఉన్నదేమో ఏ రికార్డులోనూ లేని ఇంజన్. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజన్ మార్చిన 14 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి. ఇప్పుడు వెళ్తే, డీజిల్ ఇంజన్ ఎక్కడ కొన్నారని అడుగుతారు. బిల్లు ఉందా? మన జిల్లాల్లో జీపులకు డీజిల్ ఇంజన్లు ఎక్కించినవాళ్లలో బిల్లు దాచుకున్నవాళ్లు నాకైతే పెద్దగా తగల్లేదు.

నన్నడిగితే, ఆ ఇంజన్‌ను తిరిగి జీపుకే ఎక్కించండి. 2021 నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని సొంత వాడకపు బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో మార్పులు చేసిన బండికి ఆ అవకాశం పోతుంది. పాత జీపులు కొనేవాళ్లు ముందు చూసేది కూడా ఆర్సీతో నంబర్లు కలిశాయా లేదా అనే. అయితే వింటేజ్ బండిని రోజువారీగా రోడ్డు మీద తోలకూడదు. పొలానికి పోయి రావడానికే జీపు కావాలంటే ఈ దారి మీకు కుదరదు.

ఇంకోటి, మీరు అడగనిది. వీలునామా లేకుంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు మీతో సమానంగా వాటా ఉంటుంది. ఇంజనూ ఆస్తే. బోరింగ్ ఖర్చు మీరు పెట్టినంత మాత్రాన అది మీ ఒక్కరిదైపోదు. ఇనుముకు సంతకాలేంటని నవ్వకుండా అందరి సమ్మతీ రాయించుకోండి. ఆర్సీ కూడా వారసుల పేరు మీదికి మార్పించాలి.

ఇంత చెప్పినా ఇంజనే అమ్ముతానంటే, పాడైన సంగతికి వద్దాం. మీరు ఇంజన్ల వ్యాపారి కాదు కాబట్టి వస్తువుల అమ్మకపు చట్టం సెక్షన్ 16 కింద నాణ్యతకు పూచీ దానంతటదే మీ మీద పడదు, చూసుకోవాల్సింది కొనేవాడే. కానీ మీ నోటితో అన్నదానికి, వాట్సాప్‌లో పెట్టినదానికి బాధ్యత మీదే. పాత క్రాంక్‌నే (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) ఉంచి ‘లోపలంతా కొత్తదే’ అన్నారనుకోండి, ఆయన కాంట్రాక్టు చట్టం కింద ఒప్పందం రద్దు కోరవచ్చు, పరిహారమూ అడగవచ్చు. కాబట్టి ఏం మార్చారో, ఏం మార్చలేదో రాయండి. మెకానిక్ బిల్లు జతచేయండి. ఆయన ముందే స్టార్ట్ చేసి చూపించి, ‘ఉన్నది ఉన్నట్టుగా, గ్యారంటీ లేకుండా’ అని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఇంజన్ నంబరు కాగితంలో రాయండి, డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి.

ఆర్సీతో చిక్కు లేకుండా నంబరు రుద్దించి ఇవ్వమని కొందరు అడుగుతారు. ఆ పని చేస్తే దొంగ బండి కేసులో మీ పేరు చేరే ప్రమాదం ఉంది. అలా అడిగినవాడికి అసలు అమ్మకండి.